ఒక్క అడుగు కోసం రెండు యూనియన్లు

బరంపురం లేబర్ ఆఫీసులో నేను టైపిస్టుగా చేరాను. ఒడియా, ఇంగ్లీషు టైపు చెయ్యడం నా పని. ఉద్యోగపు ఉత్తర్వులో అంతకు మించి ఒక్క ముక్క లేదు. కానీ మా ఇంట్లో తెలుగు మాట్లాడతామన్న సంగతి చేరిన నెల తిరక్కుండానే అందరికీ తెలిసిపోయింది. ఆ తర్వాత గంజాం తీరం నుంచి ఏ తెలుగు మనిషి ఆఫీసు గుమ్మం ఎక్కినా నా కుర్చీ వెనకనుంచి పిలుపు వచ్చేది. "తెలుగు బాబూ, ఇటు రా!"

మా ఉద్యోగుల సంఘం కార్యదర్శి నన్ను రెండుసార్లు పక్కకి పిలిచి మందలించాడు. తర్జుమాకి వేరే పోస్టు ఉందట. అది ఖాళీగా ఉందట. నేను ఊరికే ఆ పని చేసిపెడుతున్నంత కాలం దాన్ని ఎవరూ భర్తీ చెయ్యరట. ఆయన మాటలో తప్పేం లేదు. కానీ ఎదురుగా ఓ ముసలమ్మ కాగితం పట్టుకుని నిలబడి నా మొహంలోకి చూస్తుంటే, ఇది నా పని కాదమ్మా అని చెప్పడం నాకు చేతకాలేదు. అలా చేతకాకపోవడం వల్లే సోనేపూర్ ఫైలు నా నెత్తిన పడింది.

సోనేపూర్ బాహుదా నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఉన్న చేపల ఊరు. పడవలు ఇసుకలోకి వచ్చి ఆగుతాయి. అక్కడినుంచి రోడ్డు మీది లారీల వరకూ చేపల ట్రేలు తలమీద మోసేది ఆడవాళ్ళు. లారీ పక్కన ట్రే నేలమీద దించి వెనక్కి వెళ్ళిపోతారు. దాన్ని పైకెత్తి లారీలో పేర్చి ఐసు కప్పేది కలాసీలు, మగవాళ్ళు. ఆడవాళ్ళది ఆ ఊళ్ళోనే పెట్టుకున్న యూనియను. కలాసీలది బరంపురం బడా బజార్‌లో గది ఉన్న యూనియను. ఏళ్ళ తరబడి వాళ్ళ మధ్య గొడవే లేదు. ఇసుక ఆడవాళ్ళది, లారీ మగవాళ్ళది, మధ్యలో కాస్త నేల ఉండేది.

ఆ నేలని ఓ చేపల వ్యాపారి తీసేశాడు. లారీ అడుగుతో సమానమైన ఎత్తులో సిమెంటు అరుగు ఒకటి కట్టించి, ఇసుక వైపునుంచి దాని మీదకి వాలుగా దారి వేయించాడు. ఇప్పుడు ట్రే మోసుకొచ్చిన మనిషి ఆ వాలు ఎక్కి, అరుగు మీద నాలుగడుగులు నడిచి, ఇంకొక్క అడుగు వేస్తే లారీలో ఉంటుంది. ట్రేని నేలకి దించక్కర్లేదు, మళ్ళీ ఎత్తక్కర్లేదు. ఆ ఒక్క అడుగు ఎవరిదన్నదే తగువు.

లారీ లోపలి పనంతా మాది, ట్రే మా చేతికే అందించాలి అన్నారు కలాసీలు. మా తలమీది బరువు దించడం మా ఇష్టం అన్నారు ఆడవాళ్ళు. రెండు యూనియన్లూ మా ఆఫీసుకి సమ్మె నోటీసులు పంపాయి. వ్యాపారి తరఫున మేనేజరు వచ్చి, వీళ్ళెవరూ మా మనుషులు కారు, రోజు కూలికి వచ్చేవాళ్ళు, ఎవరు పెట్టినా మాకు ఒకటే అని రాసిచ్చి టీ తాగి వెళ్ళిపోయాడు. అరుగు కట్టించిన పెద్దమనుషుల మాట అది!

యజమానికీ పనివాళ్ళకీ మధ్య గొడవ వస్తేనే చట్టం పట్టించుకుంటుందని నేను అనుకునేవాణ్ణి. పనివాళ్ళకీ పనివాళ్ళకీ మధ్య వచ్చింది కూడా చట్టం దృష్టిలో వివాదమేనని ఆ ఫైలుతోనే తెలిసింది. రాజీ కుదర్చడానికి చట్టం ఇచ్చిన గడువు పద్నాలుగు రోజులు. అందరూ రాతమూలకంగా ఒప్పుకుంటే పొడిగించుకోవచ్చు. రెండు నెలల పాటు ఆ రెండు యూనియన్లూ కలిసి ఒప్పుకున్న విషయం గడువు పొడిగింపు ఒక్కటే.

మొదటి మీటింగు రోజు ఆడవాళ్ళు పదిమంది వచ్చారు. వాళ్ళ నాయకురాలికి యాభై దాటి ఉంటాయి. సన్నగా, నల్లగా, మెడ మాత్రం నిటారుగా ఉండేది. బొంగురు గొంతు. ఆమెకి బజారు ఒడియా బాగానే వచ్చు, ఆఫీసు ఒడియా రాదు. అంతకుముందెప్పుడో ఎవరో చదివి వినిపించకుండా వేలిముద్ర వేయించుకున్నారట. అందుకని తెలుగులోనే చెబుతానని పట్టుబట్టింది. కలాసీల నాయకుడు మెడలో తువ్వాలు వేసుకుని గోడవారగా కూర్చున్నాడు. అతనివి రెండు భాషలూ. ఆఫీసరుగారితో ఒడియా, చాటుగా నాతో తెలుగు.

ఆఫీసరుగారు వేరే జిల్లా మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. మంచివారే, కానీ ప్రతిదీ కాగితం మీదకి ఎక్కితే తప్ప ఆయనకి కనిపించేది కాదు. "వీళ్ళ కోరిక ఏమిటో ఒక్క వాక్యంలో రాయి" అన్నారు నాతో.

నేను ఆమె వైపు తిరిగాను. "అమ్మా, మీకు ఏం కావాలో ఒక్క మాటలో చెప్పండి."

"మాకేటి కావాల బాబూ? లారీ మాకెందుకు? మాం ఎందాక మొయ్యాల? అది సెప్పమను ఆల్లని."

మోత బాధ్యత ఏ స్థలం వరకూ ఉంటుందో నిర్ణయించవలసిందిగా మహిళా యూనియను కోరుతున్నది అని చక్కటి ఒడియాలో రాశాను. ఆ వాక్యం చూసుకుని కొంచెం మురిసిపోయాను కూడా. ఆఫీసరుగారు ముచ్చటపడి దాని కింద ఎర్ర సిరాతో గీత గీశారు.

ఇంక మొదలైంది. ఏ స్థలం వరకూ? అరుగు అంటే ఎక్కడినుంచి ఎక్కడికి? వాలు అరుగులో భాగమా, దారిలో భాగమా? లారీ వెనక తలుపు తెరిచి అరుగు మీదకి వాల్చినప్పుడు ఆ తలుపు లారీ కిందకి వస్తుందా, అరుగు కిందకి వస్తుందా? ఒక మీటింగు మొత్తం ఆ తలుపుతోనే సరిపోయింది. కలాసీల నాయకుడు బొమ్మ గీసి తెచ్చాడు. అందులో లారీ ఊరంత ఉంది, అరుగు పీటంత ఉంది. ఆడవాళ్ళు ఆ బొమ్మ చూసి నవ్వితే అతను అలిగి లేచి వెళ్ళిపోయాడు. ఆ కారణంగా వాయిదా. తర్వాతి మీటింగుకి మేనేజరు రాలేదు. వాయిదా. ఆ తర్వాతి దానికి కరెంటు పోయి కంప్యూటరు పనిచెయ్యలేదు. చేత్తో రాస్తానన్నాను. ఇది టైపు చెయ్యవలసిన కాగితం అన్నారు. వాయిదా.

బరంపురంలోనే, లంజిపల్లిలో ఉన్న మా ఇంటికి వెళ్ళి భోజనానికి కూర్చుంటే మా ఆవిడ అడిగేది, ఈ రోజు ఎంతవరకు వచ్చింది అని. లారీ తలుపు దాకా అనేవాణ్ణి. వారం తర్వాత అడిగినా అదే జవాబు. ఆవిడ అడగడం మానేసింది.

ఒక రోజు పొద్దున్నే సగం లారీ నిండాక రెండు యూనియన్లూ ఒకేసారి పని ఆపేశాయి. ఆడవాళ్ళు ట్రేలు తెచ్చి వాలు మొదట్లో దించేశారు. కలాసీలు లారీలో చేతులు కట్టుకుని కూర్చున్నారు. ఫోను వచ్చి నేనూ ఆఫీసు ప్యూనూ వెళ్ళేసరికి ఎండ ఎక్కింది. ట్రేల వరస కింద చేపలనుంచి కారిన నీళ్ళు ఇసుకలోకి ఇంకుతున్నాయి, కాకులు చేరాయి. పడవలవాళ్ళు రెండువైపులా తిరిగి బతిమాలుతున్నారు, తిడుతున్నారు. చివరికి వ్యాపారి లారీ సగం ఖాళీగా వెళ్ళిపోయింది. మిగిలిన చేపని ఆ ఆడవాళ్ళే ఏరి, కోసి, ఉప్పు పట్టించడానికి కూర్చున్నారు. ఆ పని ఏ యూనియను కిందకి వస్తుందని ఎవరూ అడగలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. అందరి మీదా. ఎవరి మీద ఎక్కువో చెప్పలేను.

ఆ సంగతి విన్నాక ఆఫీసరుగారు తానే స్వయంగా వచ్చి చూస్తానన్నారు. టేపు తెమ్మన్నారు. మర్నాడు పొద్దున జీపులో బయల్దేరాం. దారి పొడుగునా ఆయన నా చేత చదివించుకున్నది నేను రాసిన ఆ ఒక్క వాక్యమే.

అరుగు దగ్గర అందరూ చేరారు. ఆఫీసరుగారు అరుగు పొడుగు కొలిపించారు, వాలు కొలిపించారు, లారీ తలుపు వాల్చి కొలిపించారు, మూసి కొలిపించారు. టేపు ఒక చివర నేను, రెండో చివర ప్యూను. మోత ఇక్కడిదాకా అని, అంచుకి జానెడు ఇవతల సున్నంతో గీత గీయమన్నారు. గీశాం. అప్పుడు ఆయన, "ఇప్పుడు పని ఎప్పుడూ ఎలా జరుగుతుందో అలాగే జరగనివ్వండి, చూస్తాను" అన్నారు.

ఆడవాళ్ళు ట్రేలు ఎత్తుకున్నారు. తలమీద గుడ్డచుట్ట, దాని మీద నిండు ట్రే, మెడ మీదుగా కారే ఉప్పునీళ్ళు. అందరికంటే ముందు వాళ్ళ నాయకురాలే. వాలు ఎక్కి, నాలుగడుగులు వేసి, గీత దగ్గర ఆగింది. లారీలో ఉన్న కలాసీలు ముగ్గురూ అవతల మూల ట్రేలు సర్దుతున్నారు. ఆమె ఆగింది. ఆమె వెనక రెండో మనిషి. ఆమె వెనక మూడో మనిషి. వాలు మీద ఏడుగురు, ఒకరి వెనక ఒకరు, ట్రే కలాసీల చేతికే అందించాలి కాబట్టి దించడానికి వీల్లేదు, తిరగడానికి వీల్లేదు. వాలు మీద సరిగ్గా నిలబడ్డానికి కూడా వీల్లేదు, ఏటవాలు కదా. కలాసీలు ఐసు సర్దారు. పరదా సర్దారు. ఒకతను బీడీ ముక్క విసిరేసి చేతులు తుడుచుకున్నాడు. మూడో మనిషి పిక్కలు వణకడం నాకు కనిపించింది.

నాయకురాలు తల తిప్పకుండానే, తిప్పడానికి వీల్లేదు కాబట్టి ఎదురుగా లారీ వైపే చూస్తూ అరిచింది. "ఎందాక మొయ్యాల బాబూ? ఇంకా ఎందాక?"

"ఏమంటోంది?" అన్నారు ఆఫీసరుగారు ఒడియాలో.

ఏ స్థలం వరకూ అని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడు తట్టింది. ఆమె అడుగుతున్నది చోటు గురించి కాదు. ఎంతసేపని అడుగుతోంది. మొదటి రోజూ అదే అడిగింది. చిన్నప్పటినుంచీ మా ఇంట్లో రోజుకి పదిసార్లు వినే మాట. దూరానికీ అదే, సేపుకీ అదే. నేను రెండింట్లో ఒకటి ఏరుకుని, దాన్ని చక్కటి ఒడియాలో పెట్టి, రెండు నెలలు ఇంతమందిని ఆ అరుగు చుట్టూ తిప్పాను.

"ఎంతసేపు మొయ్యాలి అని అడుగుతోందండీ" అన్నాను. "మొదటి మీటింగులో కూడా అదే అడిగింది. నేను తప్పు రాశాను."

ఆయన నా వైపు చూశారు, నా చేతిలో టేపు వైపు చూశారు. లారీ దగ్గరికి నడిచి కలాసీలని చెయ్యి ఊపి పిలిచి, ట్రేలు తీసుకోమన్నారు. నాయకురాలు ట్రే దిగాక నడుము మీద చేతులు పెట్టుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"అమ్మా, ఈ రెండు నెలలూ అరుగు కొలతలు మాట్లాడుతుంటే మీరెందుకు ఊరుకున్నారు?" అన్నాను. నా తప్పుకి ఆమెని నిలదీస్తున్నానని అన్నాకే తెలిసింది.

"మాకేటి తెల్సు బాబూ? ఆపీసోల్లు కదా, ముందు కొలిసినాకే ఏదైనా సెప్తారనుకున్నాం. పొలానికీ కొలుత్తారు, ఇంటికీ కొలుత్తారు. దీనికీ అంతే కాబోలనుకున్నాం."

మధ్యాహ్నం ఆఫీసరుగారు ఊళ్ళో ఎవరింట్లోనో భోజనం చేస్తుంటే, కలాసీల నాయకుడు అరుగు నీడలో కూర్చుని కనిపించాడు. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. కోపం ఆపుకోలేకపోయాను.

"అన్నా, నీకు తెలుగు నాకంటే బాగా వచ్చు. మొదటి రోజు నేను తప్పు రాశానని నీకు తెలీదా?"

"తెల్సు."

"తెలిస్తే అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"తర్జుమా సెయ్యడం నా పనేటి తమ్ముడూ?" అన్నాడు. వెటకారంగా అనలేదు. నిజంగానే అన్నాడు.

అతనే మళ్ళీ మొదలుపెట్టాడు. "ఈ అరుగు కట్టక ముందు లారీకి ఆరుగురం. ఇప్పుడు ముగ్గురు సాలంటన్నాడు మేనేజరు. ఆ ఒక్క అడుగూ ఆల్లకి ఒగ్గీసినామనుకో, ఇద్దరు సాలంటాడు. మా పనల్లా ఆ ఎత్తే తమ్ముడూ, కిందనించి పైకి. ఆ ఎత్తు పోనాది. నా మనుసులు ఇద్దరు అప్పుడే సూరత్ మిల్లుల్లో పనికి ఎల్లిపోనారు."

"అందుకని వాళ్ళని బరువుతో నిలబెట్టేస్తారా?"

"ఆల్లని నిలబెట్టాలని కాదు. ముగ్గురుతో పని సాగదని మేనేజరు సూడాలి గదా. మెల్లగా సేస్తే సూస్తాడనుకున్నాం. ఆడు ఒక్క రోజు రానేదు. ఆల్లు నిలబడ్డారు."

అంతే సంగతి. ఎవరో చూడాలని మెల్లగా చేశారు. ఆ చూడవలసినవాడు బరంపురంలో ఫ్యాను కింద ఉన్నాడు. మోత మాత్రం ఆ ఆడవాళ్ళ మెడల మీద పడింది. రెండు నెలల మీటింగుల్లో ఈ మాట ఒక్కసారి కూడా కాగితం ఎక్కలేదు. ఎక్కకపోవడంలో నా వాటా ఎంతో నాకు తెలుసు.

సాయంత్రానికల్లా ఆఫీసరుగారికి అంతా చెప్పేశాను. ఆయన మర్నాడే మేనేజరుని పిలిపించారు. ఈసారి టీ ఇవ్వలేదు.

"వీళ్ళు మీ మనుషులు కారన్నారు కదా. సరే. రాజీ కుదరలేదని పైకి రాస్తాను. కేసు ట్రిబ్యునలుకి వెళ్తుంది. అక్కడ అసలు వీళ్ళ యజమాని ఎవరన్నదే మొదటి ప్రశ్న అవుతుంది. మీకు సమ్మతమేనా?"

మేనేజరు ఫోను పట్టుకుని వరండాలోకి వెళ్ళాడు. పావుగంటలో తిరిగి వచ్చేసరికి మెత్తబడ్డాడు. రెండు యూనియన్లనీ కూర్చోబెట్టి ఒప్పందం రాశాం. లారీకి నలుగురు కలాసీలు ఉండాలి. అందులో ఒకరు ఎప్పుడూ అంచు దగ్గరే నిలబడాలి. వచ్చిన ట్రేని విలంబం లేకుండా అందుకోవాలి. అందుకునే మనిషి లేకపోతే మోసిన మనిషే లోపల పెట్టొచ్చు, అలా పెట్టినంత మాత్రాన కలాసీల పని లాక్కున్నట్టు కాదు. ఆరుగురు కావాలని కలాసీల నాయకుడు చాలాసేపు పట్టుబట్టాడు. నలుగురి దగ్గర ఆగిపోయాడు. సంతకం పెట్టేటప్పుడు అతని మొహం నేను చూడలేదు, కావాలనే.

ఒప్పందం కాపీ పట్టుకుని మళ్ళీ సోనేపూర్ వెళ్ళాను. ఈసారి నన్నెవరూ పంపలేదు. సెలవు పెట్టి వెళ్ళాను. ఆడవాళ్ళందరూ అరుగు మీద కూర్చున్నారు. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతూ, మీకు ఏం అర్థమైందో తిరిగి నాకు చెప్పండి అని అడిగి, చెప్పించుకున్నాకే తర్వాతి వాక్యానికి వెళ్ళాను. విలంబం దగ్గర బండి ఆగింది.

"విలంబం లేకుండా అంటే ఏటి?" అంది ఒకామె.

"ఆలస్యం చెయ్యకుండా."

"ఆలీసం అంటే ఎంత? ఆల్లకి బీడీ కాల్సడం ఆలీసం కాదు గదా!"

అందరూ ఒకేసారి మాట్లాడ్డం మొదలుపెట్టారు. నాయకురాలు చెయ్యెత్తి ఆపింది. "ఐదు లెక్కెడదాం. పైకి, గట్టిగా, అందరికీ ఇనపడేలాగ. ఐదు అనీసరికి అందుకున్నాడా, సరి. నేదా, లోపలెట్టీసి ఎల్లిపోవడమే."

పదిహేను రోజులు తిరక్కుండా కలాసీల యూనియను నుంచి ఆఫీసుకి ఫిర్యాదు వచ్చింది. లెక్క పెట్టడం ఒప్పందంలో లేదట. ఆడవాళ్ళు మరీ త్వరగా లెక్కపెడుతున్నారట. ఇది అవమానకరంగా ఉందట. నేను ఆ కాగితం బల్ల మీద పెట్టి తల పట్టుకున్నాను. ఆఫీసరుగారు మాత్రం చదివి నవ్వారు. "వెళ్ళి చూసి రా. టేపు వద్దు, వాచీ పెట్టుకో."

వెళ్ళేసరికి పని మంచి జోరు మీద ఉంది. వాలు మీద ఆడవాళ్ళు, అంచు దగ్గర ఒక కలాసీ. "ఒకటీ, రెండూ" అని పైకి అరుస్తున్నారు. చాలాసార్లు రెండు దాటకుండానే ట్రే చేతులు మారుతోంది. కలాసీల్లో ఒడియావాళ్ళు కూడా తెలుగు అంకెలు నేర్చుకున్నారు, మూడు వినపడగానే పరుగెత్తుకొస్తున్నారు. నిజమే, లెక్క కొంచెం జోరుగానే ఉంది. నా వాచీ ప్రకారం ఫిర్యాదులో కొంత న్యాయముంది.

కాసేపటికి అంచు దగ్గర మనిషి మారాడు. ఒక ముసలి కలాసీ వచ్చి నిలబడ్డాడు, మోకాళ్ళ నొప్పులో ఏమో, ట్రే లోపల పెట్టి తిరిగి రావడానికి అతనికి చాలా సమయం పడుతోంది. నాయకురాలి వంతు వచ్చింది. గీత దగ్గర ఆగి, బొంగురు గొంతుతో ఒకటి అంది, రెండు అంది. అతను లారీ లోపలి చివర నుంచి కాళ్ళీడుస్తూ వస్తున్నాడు. మూడు అంది. నాలుగు అంది. తర్వాత ఆగి, దగ్గింది. వెనకున్న మనిషిని ఆమె మనవరాలి జ్వరం గురించి ఏదో అడిగింది, జవాబు విన్నది. అతను అంచుకి వచ్చి చేతులు చాచాక, ఐదు అంది.

వాచీ తీసి జేబులో వేసుకున్నాను. సాయంత్రం ఆఫీసులో ఫిర్యాదు మీద, లెక్క సక్రమంగానే సాగుతున్నది అని రాసి ఫైలు ఆఫీసరుగారి బల్ల మీద పెట్టాను.